తలనొప్పికి ముందు రంగు బల్బులు: పొగతోటలోని ఒక పిల్లల నరాల క్లినిక్ గురించి

మా పాపకు తొమ్మిదేళ్లు, కావలిలో నాలుగో తరగతి చదువుతోంది. ఏడాదికి పైగా తలనొప్పితో, వాంతులతో అల్లాడిన ఈ పిల్లకు ఉన్నది మైగ్రేన్ ఒక్కటే కాదని, దానితో పాటు మూర్ఛ కూడా ఉందని తేల్చి చెప్పింది నెల్లూరు పొగతోటలోని ఒక చిన్న క్లినిక్. పిల్లల నరాల జబ్బులు మాత్రమే చూసే ఆ క్లినిక్‌కు ఏడు నెలలుగా వెళ్లి వస్తున్నాం. దాని పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకోలుతో పాటు ఫిర్యాదులు ఉన్నాయి, అంతకు ముందు చూపించిన చోట్ల సంగతి కూడా చెప్పవలసి ఉంది. పేరు కన్నా అక్కడ పిల్లను చూసిన పద్ధతి ముఖ్యమని నా అభిప్రాయం. అటువంటి పద్ధతి ఏ ఊళ్లో, ఏ డాక్టరు దగ్గర కనిపించినా తల్లిదండ్రులు గుర్తుపట్టాలన్న ఉద్దేశంతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట జబ్బు ఎలా బయటపడిందో చెప్పాలి. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, గుమ్మం మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "నాన్నా, కంట్లో రంగు బల్బులు తిరుగుతున్నాయి" అంది. ఒకటి రెండు నిమిషాల పాటు ఎడమ పక్కకే చూస్తూ ఉండిపోయింది. తరువాత ముఖం పాలిపోయింది, తల పట్టుకుని ఏడ్చింది, రెండుసార్లు వాంతి చేసుకుని, లైటు ఆర్పమని చెప్పి పడుకుంది. రెండు గంటల తరువాత లేచి పెరుగన్నం తిని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. ఆ తరువాత నెలకు ఒకటి రెండుసార్లు ఇదే వరస. మా ఆవిడకు చిన్నప్పటి నుంచి ఒంటి తలనొప్పి ఉంది. తలనొప్పి, వాంతులు, వెలుతురు పడకపోవడం, తల్లికి మైగ్రేన్ ఉండడం, ఈ నాలుగూ విన్న మొదటి డాక్టరు అయిదు నిమిషాల్లో మైగ్రేన్ అని రాసి, రాత్రిపూట వేసుకునే ఫ్లూనారిజిన్ మాత్ర ఇచ్చారు. ఆ నిర్ణయాన్ని పూర్తిగా తప్పు పట్టలేను, ఎందుకంటే ఆ నాలుగూ నిజమే. కానీ నొప్పికి ముందు ఏం జరుగుతోందని ఆయన అడగలేదు, రంగు బల్బుల సంగతి మేమూ చెప్పలేదు. చిన్నపిల్ల ఏదో ఊహించుకుని చెబుతోందిలే అనుకున్నాం.

పది నెలలు గడిచాక ఒక తెల్లవారుజామున మా ఆవిడ కేకతో లేచాను. పాప కళ్లు ఎడమ వైపుకు తిరిగి అక్కడే నిలిచిపోయాయి, ఎడమ చెయ్యి కొట్టుకుంటోంది, నోటి వెంట చొంగ కారుతోంది. మా అమ్మ తాళాల గుత్తి తెచ్చి పిల్ల గుప్పిట్లో పెట్టి బిగించింది. నేను పళ్ల మధ్య చెంచా పెట్టబోయాను. తాళాల వల్ల ఒరిగేది ఏమీ లేదని, చెంచా వల్ల పన్ను విరగవచ్చని, ఊపిరికి అడ్డం పడవచ్చని తరువాత తెలిసింది. ఆ ఉదయం తీసుకెళ్లిన ఆసుపత్రిలో సి.టి. స్కాన్ తీసి, స్కానులో ఏమీ లేదని చెప్పి ఇంటికి పంపారు. తలనొప్పి చీటీ ఒకరిది, ఫిట్స్ చీటీ ఇంకొకరిది. ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి అప్పటి వరకు ఎవరూ లేరు.

పొగతోట క్లినిక్‌లో మొదట జరిగింది అదే. మెట్లెక్కి రెండో అంతస్తుకు వెళ్లి, టోకెన్ తీసుకుని, మూడు గంటలు కూర్చున్న తరువాత మా వంతు వచ్చింది. డాక్టరుగారు పాత చీటీలన్నీ తేదీల వరసలో టేబుల్ మీద పరిచి, మమ్మల్ని ఏమీ అడగకుండా ముందు పాపను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. సొరుగులోంచి ఒక తెల్ల కాగితం, క్రేయాన్ల డబ్బా తీసి ఇచ్చి, "తలనొప్పి వచ్చే ముందు నీకు ఏం కనిపిస్తుందో బొమ్మ వెయ్యి తల్లీ" అన్నారు. పాప ఆలోచించకుండా ఎర్ర రంగు, ఆకుపచ్చ, పసుపు తీసుకుని, కాగితానికి ఎడమ అంచున చిన్న చిన్న గుండ్రాలు గుత్తిగా వేసింది. కుడి వైపు అంతా ఖాళీగా వదిలేసింది. "ఇటు వైపు ఎప్పుడూ రావా?" అని ఆమె అడిగితే, రావని తల అడ్డంగా ఊపింది. అవి కదులుతాయా, పెద్దవవుతాయా, ఎంతసేపు ఉంటాయి అని అడుగుతూ, తన గడియారం చేతికిచ్చి, "అవి పోవడానికి ఎంతసేపవుతుందో అంత అయ్యాక చెప్పు" అన్నారు. పాప కళ్లు మూసుకుని కూర్చుని, నిమిషం దాటిన కాసేపటికి "ఇప్పుడు" అంది. ఏడాది పాటు మేము పట్టించుకోని మాటను ఒక కొత్త మనిషి ఇంత శ్రద్ధగా విన్నందుకు, అప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ బొమ్మను చూపిస్తూ ఆమె చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. మైగ్రేన్‌కు ముందు కళ్ల ముందు వచ్చే మెరుపులు సాధారణంగా గీతల్లా, మెలికలు తిరిగిన కోట గోడ అంచులా, ఎక్కువగా తెలుపు నలుపుల్లో ఉంటాయి. అవి ఒక చోట మొదలై మెల్లగా విస్తరిస్తూ, అయిదు నిమిషాల నుంచి గంట వరకు ఉంటాయి. మెదడు వెనుక భాగంలో, అంటే చూపును గ్రహించే చోట పుట్టే ఫిట్స్‌లో కనిపించేవి ఎక్కువగా రంగురంగుల గుండ్రాలు. అవి ఒక్కసారిగా వచ్చి, కొన్ని సెకన్ల నుంచి రెండు మూడు నిమిషాలలోపే ముగుస్తాయి, చాలాసార్లు ఒకే వైపున కనిపిస్తాయి. లండన్‌లో పనిచేసిన పనయోటోపౌలోస్ అనే గ్రీకు వైద్యుడు రోగులు చెప్పిన మాటలను ఓపికగా పోగుచేసి ఈ తేడాను స్పష్టం చేశారట. ఇక తలనొప్పి, వాంతుల సంగతి. ఫిట్స్ ముగిసిన తరువాత తలనొప్పి రావడం చాలామందిలో ఉన్నదే, తల వెనుక భాగంలో పుట్టే ఫిట్స్‌లో మరీ ఎక్కువ, పైగా ఆ నొప్పి అచ్చం మైగ్రేన్‌లానే ఉంటుంది. నొప్పి గంటల తరబడి ఉంటుంది కాబట్టి ఇంట్లో వాళ్లకు గుర్తుండేది అదే. ముందు జరిగిన ఆ ఒక్క నిమిషం ఎవరి లెక్కలోకీ రాదు.

బొమ్మ ఒక్కదానితో జబ్బు తేల్చరని కూడా ఆమె గట్టిగా చెప్పారు. ఎం.ఆర్.ఐ. తీయించారు, ఎందుకంటే మన దేశంలో బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే బొబ్బ పిల్లల ఫిట్స్‌కు ఒక ముఖ్యమైన కారణం. మా పాపకు అది లేదు. తరువాత ఈఈజీ, అంటే తలకు వైర్లు అంటించి మెదడులోని విద్యుత్తును నమోదు చేసే పరీక్ష. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దారిలో కునుకు తీయనివ్వకుండా తీసుకురమ్మన్నారు. రైల్లో మా ఆవిడ నెల్లూరు దాకా కథల మీద కథలు చెప్పింది. తలకు నూనె ఉండకూడదన్న మాట మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. పరీక్ష తీసే అమ్మాయి పాప జడ విప్పి చేత్తో తడిమి, "కొబ్బరినూనె పెట్టారా అమ్మా, వైర్లు అంటుకోవు" అని, కింద షాపు నుంచి షాంపూ పాకెట్టు తెప్పించి, అక్కడి కుళాయి కిందే తల కడిగించింది. తరువాత మెత్తటి జిగురు పేస్టుతో ఒక్కొక్క వైరూ అంటిస్తూ, ప్రతిదీ ముందు పాప వేలికి తాకించి చూపించింది. కళ్లు తెరవమని, మూయమని, కాగితపు గాలిపంకా ఇచ్చి మూడు నిమిషాలు ఊదమని, లైటు మిణుకుమిణుకుమనిపిస్తూ, చివరకు నిద్రపోనిచ్చి తీసింది. పాప ఒక్కసారి కూడా ఏడవలేదు.

రిపోర్టు ఇచ్చిన రోజు డాక్టరుగారు తెర మీద మాకే చూపించారు. కళ్లు మూసుకున్నప్పుడు తల వెనుక కుడి పక్కన మొనల్లాంటి అలలు వరసగా లేచాయి, కళ్లు తెరిచి చూడగానే తగ్గిపోయాయి. మెదడు కుడి సగం శరీరం ఎడమ పక్కను, ఎడమ చూపును చూసుకుంటుంది. పాప ఎడమ అంచున వేసిన గుండ్రాలకు, ఆ రాత్రి ఎడమకు తిరిగిన కళ్లకు, కొట్టుకున్న ఎడమ చేతికి అది సరిపోయింది. అయినా ఆమె ఒక హెచ్చరిక చేశారు. ఏ జబ్బూ లేని కొందరు పిల్లల్లో కూడా ఇలాంటి మొనలు కనిపిస్తాయట, మూర్ఛ ఉన్న పిల్లల్లో ఒక్కోసారి ఈఈజీ మామూలుగా రావచ్చునట. పిల్ల చెప్పిన కథ, కళ్లారా చూసినవాళ్లు చెప్పిన కథ ముందు, యంత్రం తరువాత. ఆ మాట ప్రకారమే వాళ్లు నడుచుకోవడం చూశాను కాబట్టి చెబుతున్నాను, ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

అయితే మా పాపకు మైగ్రేన్ లేదనుకున్నామా? అదీ కాదు. మొదట్లో మాకు బోధపడనిది ఇక్కడే. కొన్నిసార్లు బల్బులు లేకుండానే, ఎండలో ఆడి వచ్చిన రోజునో పొద్దున టిఫిన్ మానేసిన రోజునో, నుదురంతా రెండు పక్కలా నొప్పి వచ్చి మూడు నాలుగు గంటలు ఉంటుంది. పిల్లల్లో మైగ్రేన్ పెద్దవాళ్లలా ఒక్క పక్కకే రావాలని లేదని, రెండు కణతలకూ రావచ్చని, రెండు గంటల్లో కూడా ముగియవచ్చని చెప్పి, ఈ రెండో రకం నిజమైన మైగ్రేనే అన్నారు. మూర్ఛ ఉన్నవారిలో మైగ్రేన్ ఉండే అవకాశం, లేనివారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. రెండూ సులువుగా రెచ్చిపోయే మెదడు కణాల జబ్బులే. వంశంలో వచ్చే ఒక అరుదైన మైగ్రేన్‌లో ఒక పక్క కాలు చెయ్యి తాత్కాలికంగా పడిపోతాయి. దానికి కారణమైన జన్యువుల్లో కొన్ని మూర్ఛకు కూడా సంబంధించినవే.

ఆమె చీటీ వెనుక వేసిన బొమ్మ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. ఒక చెరువులో రాయి వేస్తే అల లేచినట్టు వలయాలు గీసి, పక్కన 1944 అని రాశారు. ఆ ఏడాది అరిస్తిదెస్ లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త, హార్వర్డ్‌లో మూర్ఛ గురించి తెలుసుకోవడానికి కుందేళ్ల మెదడు మీద ప్రయోగాలు చేస్తూ, తాను వెదకని దాన్ని కనిపెట్టాడు. మెదడు పొర మీద విద్యుత్తు అణగిపోయి, ఆ అణగడం నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా పాకుతూ పోయింది. మైగ్రేన్‌కు ముందు వచ్చే మెరుపులకు మూలం ఆ అలే అని నేడు భావిస్తున్నారు. ఫిట్స్‌లో విద్యుత్తు సెకన్లలో ఎగసిపడుతుంది, మైగ్రేన్‌లో నిమిషాల మీద పాకుతుంది. గడియారం పాప చేతికి ఎందుకిచ్చారో నాకు అప్పుడు అర్థమైంది.

మూర్ఛ అన్న మాట ఇంటికి మోసుకు వెళ్లడం మాకు కష్టమైంది. "ఆడపిల్ల, బయట ఎవరితోనూ అనకండి, తలనొప్పి అనే చెప్పండి" అంది మా అమ్మ. నిజం చెప్పాలంటే, మైగ్రేన్ అన్న మొదటి మాటను మేము అంత గట్టిగా పట్టుకోవడానికి కారణం కూడా అదే. అది పరువుకు భంగం లేని జబ్బు. డాక్టరుగారు మా అమ్మను ఒక రోజు ప్రత్యేకంగా రమ్మని కబురు చేసి, "పెద్దమ్మా, ఇది గాలీ కాదు, దిష్టీ కాదు, అంటుకునేదీ కాదు" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడారు. ఈ రకం ఫిట్స్ చాలామంది పిల్లల్లో యుక్తవయసు వచ్చేసరికి తగ్గిపోవచ్చని, అందరిలో అలా జరుగుతుందని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పారు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా రాసి ఉన్న మూర్ఛను 1999లో తొలగించారన్న సంగతి కూడా ఆమె చెబితేనే మాకు తెలిసింది. మా అమ్మ తాళాల గుత్తి విషయం తానే ఒప్పుకుంది. అలాంటప్పుడు పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏదీ పెట్టకూడదని, గడియారం చూడాలని, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరికన్నా బాగా చెప్పగలిగేది ఆమే.

మందు ఎంపికలో కూడా మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. మూర్ఛకూ మైగ్రేన్‌కూ రెండింటికీ వాడే మందులు ఉన్నాయి. వాటిలో వాల్ప్రోయేట్ ఆడపిల్లలకు, పెద్దయ్యాక గర్భంలోని బిడ్డకు హాని చేసే ప్రమాదం ఉంది కాబట్టి, వేరే దారి ఉన్నప్పుడు ఇవ్వనన్నారు. టోపిరమేట్ మరొకటి. ఒకే మాత్రతో రెండు పనులు అవుతాయని నాకు ఆశ పుట్టింది. కానీ అది కొందరు పిల్లల్లో చెమట పట్టడాన్ని తగ్గిస్తుందని, నెల్లూరు ఎండల్లో, అందులోనూ రోహిణి కార్తెలో, అది చిన్న విషయం కాదని, మాటలు తడుముకోవడం, చదువులో మందగించడం కూడా ఉండవచ్చని చెప్పారు. పైగా 2017లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు మైగ్రేన్ రాకుండా టోపిరమేట్, అమిట్రిప్టిలిన్, ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, మూడు గుంపుల్లోనూ సగానికి పైగా పిల్లలకు తగ్గింది. ఉత్తుత్తి మాత్రకన్నా మందులు మెరుగని తేలలేదు. కాబట్టి మూర్ఛకు మాత్రమే కార్బమజెపైన్ మొదలుపెట్టి, ఫ్లూనారిజిన్ ఆపించి, మైగ్రేన్‌కు వేళకు నిద్ర, వేళకు తిండి, బడికి నీళ్ల సీసా, నొప్పి మొదలవగానే ఒక మాత్ర, అంతే అన్నారు. మొదటి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే మాత్ర ఆపి ఆ రోజే రమ్మన్నారు. నుదుటికి రాసే బాములు, కర్పూరం కలిపిన నూనెలు ఇంట్లో వాడతారా అని కూడా అడిగారు. కర్పూరం, నీలగిరి తైలం కొందరిలో ఫిట్స్‌ను రేపగలవట. తలనొప్పి వచ్చిన ప్రతిసారీ మేము రాసింది అదే.

ఇక ఫిర్యాదులు. టోకెన్ మీద వేసిన సమయానికీ లోపలికి పిలిచే సమయానికీ పొంతన లేదు, రెండు గంటలకు తక్కువ ఎప్పుడూ పట్టలేదు. వెలుతురు పడని పిల్లలు వచ్చే చోట వెయిటింగ్ హాలులో ట్యూబులైట్లు, పెద్ద శబ్దంతో టీవీ ఉండడం బాధ కలిగించింది. లిఫ్టు లేదు. ఈఈజీ వారానికి రెండు రోజులే తీస్తారు, ముందు చేయవలసిన ఏర్పాట్లు తెలుగులో అచ్చువేసి ఇవ్వరు. ఫోన్ చాలాసార్లు ఎత్తరు. అన్నిటికన్నా పెద్దది మందుల షాపు విషయం. మూడో నెలలో కింద షాపులో, మెల్లగా కరిగే కార్బమజెపైన్ బదులు అదే బలం గల మామూలు మాత్రలు ఇచ్చారు. రెండు రోజులకే పాప, "అక్షరాలు రెండు రెండుగా కనిపిస్తున్నాయి" అంది, నడుస్తుంటే తూలింది. మా ఆవిడ పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టి చూసి, పాత దాని మీద ఉన్న, మెల్లగా కరిగే రకమని తెలిపే సి.ఆర్. అన్న రెండు అక్షరాలు కొత్త దాని మీద లేవని పట్టుకుంది. ఫోన్ అందక ఆ రోజే రైలెక్కి వెళ్లాను. డాక్టరుగారు నా ఎదుటే షాపు అతన్ని పిలిచి మందలించి, ఆ రోజు నుంచి చీటీ మీద సి.ఆర్. చుట్టూ ఎర్ర గీత గీస్తున్నారు. తప్పును దాచకుండా సరిదిద్దారు, అది నిజమే. కానీ అట్ట పోల్చి చూసుకునే అలవాటు లేని ఇంట్లో ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది.

ఫీజు మా వంటి వాళ్లకు భారమే అయినా, నలభై నిమిషాలు కూర్చోబెట్టి విన్న డాక్టరుకు ఇచ్చిన డబ్బు గురించి నాకు విచారం లేదు. అనవసరమైన పరీక్ష ఒక్కటి కూడా రాయలేదు, చెన్నై పోవలసిన అవసరం రాలేదు. అయిదు నక్షత్రాలకు నాలుగు ఇస్తున్నాను, తగ్గిన ఒకటి మందుల షాపుకూ ఫోనుకూ.

ఇప్పుడు పాప దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. ఒక పేజీలో బల్బులు, ఎదుటి పేజీలో ఉత్త తలనొప్పి. తేదీ, టైము, ఎంతసేపు, ముందు రోజు నిద్ర, తిన్న తిండి తనే రాసుకుంటుంది. అయిదు నెలలుగా బల్బుల పేజీ ఖాళీగా ఉంది. తలనొప్పి పేజీలో నాలుగు తేదీలు ఉన్నాయి, నాలుగింటిలో మూడు టిఫిన్ మానేసిన రోజులు. తుమ్మలపెంట సముద్రానికి వెళ్తే మోకాళ్ల లోతు దాటకుండా పక్కనే ఒకరం నిలబడుతున్నాం, స్నానాల గదికి లోపల గొళ్లెం తీసేశాం, బడిలో క్లాసు టీచరుకు విషయం చెప్పాం.

ఇటువంటి పిల్లలున్నవారు అక్కడికి గానీ, మరే నరాల డాక్టరు దగ్గరికి గానీ వెళ్లేటప్పుడు, పాత చీటీలన్నీ తేదీల వరసలో పెట్టుకోండి, ఫిట్స్ వచ్చినప్పుడు సెల్‌లో తీసిన వీడియో ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, నొప్పికి ముందు ఏం కనిపిస్తుందో పిల్లతోనే చెప్పించండి. ఈఈజీ ఉందంటే ముందు రోజే తలంటి పోయండి, నూనె పెట్టకండి.